లేని అక్కను పిలిచిన మధ్యాహ్నం

ఆ దీవిలో ఇళ్ళు ముప్పై ఏడు. మనుషులు నూట అరవైకి మించరు. అందరి బతుకూ ఉప్పు మడుల మీదే. తెల్లారగానే పొడుగాటి చెక్కపారలు భుజాన వేసుకుని పోవడం, మడుల్లో తేలిన ఉప్పును గట్టుకు లాగి కుప్పలు పోయడం, ఎండ ముదిరాక ఇంటికొచ్చి తాళ్ళు పేనుకుంటూ కబుర్లు చెప్పుకోవడం, అదీ వాళ్ళ రోజు.

ఆ దీవికి ఏడు నెలల కిందట ఒక అమ్మాయి వచ్చి చేరింది. ముప్పై ఏళ్ళుంటాయి. చేతిలో నోటు పుస్తకం లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు. "మనం తుమ్మినా రాసుకుంటుంది, తుమ్మకపోయినా ఎందుకు తుమ్మలేదో రాసుకుంటుంది" అని నవ్వుకుని ఆమెకు రాతపిల్ల అని పేరు పెట్టారు. చిన్న చిన్న సమాజాల్లో నమ్మకాలు ఎలా పుడతాయి, తంతులు మనుషుల్ని ఎలా కలిపి ఉంచుతాయి అన్నది ఆమె చదువు. ఆమె ప్రొఫెసర్ ఎప్పుడూ ఒక మాట అనేవాడు. "వాళ్ళ నమ్మకం నిజమా కాదా అన్నది మన ప్రశ్న కాదు. అది వాళ్ళకు ఏం చేసిపెడుతోందన్నదే మన ప్రశ్న." ఆ మాటను రాతపిల్ల తన మొదటి నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకుంది.

ఆమె ఉంటున్నది దీవిలో అందరికన్నా పెద్దావిడ ఇంట్లో. వచ్చిన రోజే ఆవిడ తేల్చేసింది.

"మా ఇంట్లో ఉండేవాళ్ళు ఎవరో ఒకరికి ఏదో ఒకటి కావాలి. ఊరికే ఉండటానికి నువ్వేమైనా కుర్చీవా? నన్ను పెద్దమ్మ అను."

అలా పెద్దమ్మ అయింది. ఒక కంట్లో పువ్వు పడింది గానీ రెండో కంటితో ఎదుటివాళ్ళ పొట్టలో ఉన్నది కూడా చూసేది. దీవిలో 'పిలుపు' పిలిచేది ఆవిడే. ఎవరైనా మనసులో మాట చెప్పకుండా చనిపోతే, ఇంటివాళ్ళు అడిగితే, ఆవిడ వాళ్ళను ఒక్కసారి పిలిచి, మాట్లాడించి, మళ్ళీ పంపించేది. అదీ నడిమధ్యాహ్నం పూట.

"రాత్రి పిలవరా పెద్దమ్మా?" అని రాతపిల్ల అడిగితే ఆవిడ నవ్వింది.

"రాత్రి పిలిస్తే పిలవనివి కూడా వస్తాయే. మధ్యాహ్నమైతే నీడ కాళ్ళ కింద దాక్కుంటుంది. నీడ ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ అప్పుడు తేడా ఉండదు. వచ్చినవాళ్ళకు చిన్నతనంగా ఉండదు."

అదీ రాసుకుంది రాతపిల్ల. కానీ ఏడు నెలల్లో దీవిలో ఒక్కరూ పోలేదు. ఇంకొకళ్ళ చావు కోసం ఎదురు చూస్తున్నానేమిటా అని తన మీద తనకే అసహ్యం వేసేది. వెళ్ళిపోవడానికి పది రోజులుందనగా పడవలో ప్రొఫెసర్ ఉత్తరం వచ్చింది. "పిలుపు చూడకుండా వస్తే పుస్తకం లేనట్టే."

ఆ సాయంత్రం తాడు పేనుతున్న పెద్దమ్మ పక్కన కూర్చుని, మెల్లగా అడిగింది. "ఒక్కసారి చేసి చూపించవా?"

"చూపించడానికి అదేమైనా బొమ్మలాటా? పిలవాలంటే పోయినవాళ్ళుండాలి. నీకెవరున్నారు?"

ఆమెకు నాన్న ఉండేవాడు. రెండేళ్ళ కిందట పోయాడు. నమ్మకాల గురించి పదిమందికి పాఠాలు చెప్పే మనిషే, నాన్న మాట ఎత్తలేకపోయింది. రాకపోతే బాధ లేదు. వస్తే?

"అక్క ఉండేది" అంది రాతపిల్ల.

ఆమెకు అక్క లేదు. అన్న లేడు, తమ్ముడూ లేడు. ఒక్కతే కూతురు. కానీ అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కదా, నోటికొచ్చినట్టు అతికించుకుంటూ పోయింది. నా కన్నా మూడేళ్ళు పెద్దది. ఆరేళ్ళప్పుడు జ్వరంతో పోయింది. రెండు జడలు వేసుకునేది. చిట్టక్క అని పిలిచేదాన్ని.

"ఎక్కడ పోయింది? ఆ చోటు సరిగ్గా చెప్పాలి. పంపేటప్పుడు కావాలి."

"మా ఇంట్లోనే. వెనక గదిలో. మంచం మీద."

పెద్దమ్మ తాడు పక్కన పెట్టింది. రాతపిల్ల రెండు చేతులూ పట్టుకుంది. పువ్వు పడిన కంట్లోంచి కూడా నీళ్ళు కారాయి. "ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని తిరిగావా తల్లీ" అంది. "ఎల్లుండి పిలుద్దాం."

ఆ రాత్రి నోటు పుస్తకంలో 'ఒప్పుకుంది' అని ఒక్క మాట రాసి, ఇంకేమీ రాయబుద్ధికాక మూసేసింది.

ఎల్లుండి మధ్యాహ్నం ఎండ మడుల మీద తెల్లగా మండుతోంది. బయట కళ్ళు తెరవలేనంత వెలుతురు. వచ్చినవాళ్ళ ముఖం ఎవరూ చూడకూడదని లోపల కిటికీలన్నీ మూసి, సందుల్లో పాత గుడ్డలు కుక్కారు. తలుపు కింద గోనె పరిచారు. ఒక్కొక్క వెలుగు గీతా ఆరిపోయి, చివరికి గదిలో ఎవరి చెయ్యి వాళ్ళకు కనపడనంత చీకటయింది. తడి తాడు వాసన. ఉప్పు వాసన. చేప నూనె కాలి కాలి గోడలకు పట్టిన పాత వాసన. ఇంటి మీద రోజూ అరిచి గోలచేసే కొంగల చప్పుడు కూడా ఆగిపోయింది.

వాళ్ళు ఆరుగురు. పెద్దమ్మ, ఆవిడ తమ్ముడు, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ముగ్గురు, చివర రాతపిల్ల. ఆ తమ్ముడు పడవ నడుపుతాడు. అందరికీ పడవాయనే. నవ్వించకుండా నాలుగు మాటలు మాట్లాడలేని మనిషి, ఆ పూట మాత్రం నోరు మెదపలేదు. అందరూ గోడ వైపు తిరిగి వరసగా కూర్చున్నారు. అందరి చేతుల్లోంచీ ఒకే తాడు. మనిషికొక ముడి. రాతపిల్ల ముడి తరువాత నాలుగు ముడులు ఖాళీ. తాడు కొస ఆమె వెనగ్గా, తలుపు దగ్గర నేల మీద ఉంది.

"వచ్చినవాళ్ళు కొస పట్టుకుంటారు" అని పెద్దమ్మ ముందే చెప్పింది. "ఔనంటే ఒకసారి లాగుతారు. కాదంటే ఊరుకుంటారు. ఏం జరిగినా వెనక్కి తిరగొద్దు."

పెద్దమ్మ పిలవడం మొదలుపెట్టింది. పాట కాదు, ఏడుపు కాదు. పక్కింటివాళ్ళను పిలిచినంత మామూలుగా. "చిట్టక్కా… చెల్లెలు వచ్చింది… ఒకసారి రామ్మా…"

రాతపిల్ల ఒళ్ళో రికార్డరు తిరుగుతోంది. ఆమె మనసులో అప్పుడే వాక్యాలు తయారవుతున్నాయి. చీకటి, ఒకే మాట పదే పదే వినడం, ఆరుగురి చేతుల్లో ఒకే తాడు. ఎవరి చెయ్యి వణికినా అందరికీ తెలుస్తుంది. ఎవరు లాగారో లాగినవాళ్ళకే తెలియదు. ఇంతే కదా పిలుపంటే…

తాడు కదిలింది.

పెద్దమ్మ వైపు నుంచి కాదు. రెండో వైపు నుంచి.

ముందు నేల మీద రాసుకున్న చప్పుడు. ఆ తరువాత తాడు నెమ్మదిగా పైకి లేచింది. బిగుసుకుంది. ఆమె అరచేతిలో ముడి గట్టిపడింది. వెనకాల, తలుపు దగ్గర, తాడును ఎవరో… పట్టుకున్నారు.

తలుపు తెరుచుకోలేదు. తెరుచుకుని ఉంటే వెలుతురు వచ్చేది.

"చిట్టక్కవేనా?" అంది పెద్దమ్మ.

చాలాసేపు ఏమీ లేదు. ఎవరో ఆ మాటను నోట్లో వేసుకుని రుచి చూస్తున్నట్టు. తరువాత ఒక్క లాగుడు. మెత్తగా.

"ఆరేళ్ళప్పుడు పోయావా?"

లాగుడు.

"జ్వరంతోనేనా?"

లాగుడు. ఈసారి ఆలస్యం లేదు.

పడవాయన గుండె కొట్టుకోవడం తాడులోంచి తెలుస్తోంది. పక్కావిడది కూడా. ముందున్న ఐదుగురివీ తెలుస్తున్నాయి. వెనక నుంచి మాత్రం ఏమీ రావడం లేదు. తాడు అక్కడ కొయ్యకు కట్టినట్టు ఉంది.

పెద్దమ్మ వెంటనే మరో ప్రశ్న వెయ్యలేదు. ఆవిడ ఊపిరి మారింది. నలభై ఏళ్ళుగా పిలుస్తున్న మనిషి. ఏదో తేడా కొట్టింది. మెల్లగా, ఏమీ ఎరగనట్టు అడిగింది.

"నువ్వు నా పెనిమిటివా?"

లాగుడు.

పక్కన ఎవరో కెవ్వుమనబోయి నోరు నొక్కుకున్నారు.

"ఇంకా పుట్టని బిడ్డవా?"

లాగుడు. ఆత్రంగా.

"నువ్వు… నేనేనా?"

లాగుడు. లాగుడు. లాగుడు.

ఏమంటే అది. ఎవరంటే వాళ్ళు. ఏదైనా సరే అవుతానంటోంది.

"అమ్మాయీ," పెద్దమ్మ గొంతు గుసగుసకు దిగిపోయింది. "నిజం చెప్పు. నీకు అక్క ఉందా?"

రాతపిల్ల ఒప్పుకుంది. "లేదు… పెద్దమ్మా. లేదు."

తాడు వదులైంది. ఒక్క క్షణం. మళ్ళీ బిగుసుకుంది… ఈసారి దగ్గరగా. చివరి ముడి దగ్గర కాదు, దాని ముందు ముడి దగ్గర. తాడు మీద చేతులు మార్చుకుంటూ ఎవరో వస్తున్నట్టు. ఇంకో ముడి. వాసన వచ్చింది, ఏ వాసనా కాని వాసన. ఎవరూ ఎన్నడూ కాపురముండని కొత్త గది తలుపు తీస్తే వస్తుందే, అది.

ఆమె చేతి వెనక ఒక్క ముడే మిగిలింది.

"తిరగొద్దు," అంటోంది పెద్దమ్మ. "తిరగొద్దు, తిరగొద్దు…"

చల్లగా ఏదో ఆమె చిటికెన వేలికి తగిలింది. చిన్నది. ఇంకో చిటికెన వేలంత చిన్నది. కానీ దానికి గోరు లేదు, గీతలు లేవు. నున్నగా ఉంది, ఇంకా చెక్కడం పూర్తికానట్టు.

ఆమె గొంతులోంచి వచ్చిన చప్పుడుకు పడవాయన ధైర్యం చెదిరిపోయింది. పంపే మాట పెద్దమ్మే అనాలి. ఆయన ఆగలేకపోయాడు. పెద్దమ్మ చెప్పగా విన్న చోటునే గట్టిగా అరిచేశాడు.

"పోయిన చోటికే పో! మీ అమ్మ ఇంటికి పో! వెనక గదిలోకి, నీ మంచం మీదికి పో!"

తాడు దబ్బున నేల మీద పడింది.

పొరుగావిడ లేచి కిటికీ గుడ్డలు పీకేసింది. తెల్లటి ఎండ గదిలోకి విరుచుకుపడింది. తలుపు వేసినట్టే ఉంది. గోనె పరిచినట్టే ఉంది. "పోయింది, పోయింది" అంటూ పడవాయన ముఖం తుడుచుకుని నవ్వబోయాడు. పెద్దమ్మ మాత్రం గోడ వైపు నుంచి తిరిగేసరికి ముఖం బూడిదలా ఉంది.

"ఏం పని చేశావురా తమ్ముడూ," అంది. "పోయిన చోటు ఉంటే కదా పోవడానికి? అది ఎక్కడా పోలేదు. ఎక్కడా పుట్టలేదు. దారినపోయేది. ఈ పిల్ల పేరిచ్చింది. నువ్వు ఇల్లిచ్చావు."



తిడుతుందనుకుంది రాతపిల్ల. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ ఆమె గడ్డం పట్టుకుని తన మంచి కంటికెదురుగా తిప్పుకుంది. "ఇప్పుడే బయలుదేరు. మీ అమ్మకు మొదటి మాటగా ఇదే చెప్పు. సిగ్గుపడకు. నాకు నువ్వొక్కదానివే కూతురివని ఆవిడ నోటితో అనిపించు. పేరొచ్చింది, ఇల్లొచ్చింది, ఇక దానికి తక్కువైంది ముఖమొక్కటే. అది ఇంట్లోవాళ్ళ దగ్గరే దొరుకుతుంది."

పడవలో ఆరు గంటలు. రేవులో దిగగానే ఫోను చేసింది. రెండు మోతలకే అమ్మ ఎత్తింది.

"బాగానే ఉన్నానే అమ్మడూ. నాకేం? పని ఒత్తిడి, అంతే. నీ గొంతేంటి అలా ఉంది?"

ఆ గొంతు వినగానే రాతపిల్లకు సగం భయం దిగిపోయింది. ఫోనులో ఏమని చెబుతుంది? వెళ్ళాక చెబుదాంలే అనుకుంది. రెండు బస్సులు మారి మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరింది.

ఆ ఇల్లు మూడో అంతస్తులో ఉంటుంది. ముందు గదిలో అమ్మ కుట్టు మిషను, బల్ల నిండా బట్టలు. ఆ వీధిలో సగం మంది గౌన్లు ఆవిడ కుట్టినవే. రాతపిల్ల సంచి కూడా దించకుండా వెనక గదిలోకి వెళ్ళింది. మంచం. దుప్పటి నలగలేదు. కిటికీలోంచి ఎండ. మంచం కింద చూసింది, బీరువా తెరిచి చూసింది. తలుపు వెనక చూసింది. ఏమీ లేదు. అమ్మ గుమ్మంలో నిలబడి "ఎలుకేమైనా కనపడిందా?" అంది.

పట్టపగలు, కింద వీధిలో బండ్ల హారన్లు, పక్కింట్లో రేడియో. ఆ వెలుతురులో నిలబడి, 'అమ్మా, నేనొక అక్కను కల్పించాను, అది ఇక్కడికి వచ్చిందేమో' అని ఎలా అనడం? చదువుకున్న మనిషి. ప్రొఫెసర్‌కు తెలిస్తే? చీకట్లో ఆరుగురు భయపడ్డారు, ఒకరి భయం ఒకరికి అంటుకుంది. వేలికి తగిలింది తాడు పీచు అయి ఉండొచ్చు. రేపు చెబుదాం అనుకుంది. రేపు వచ్చింది. ఎల్లుండి చెబుదాం అనుకుంది.

ఆ మూడు రోజులూ ఆమె వెనక గదిలోనే, ఆ మంచం మీదే పడుకుంది. ఏమీ జరగలేదు. నిద్ర మాత్రం రాయిలా పట్టేది. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చినా సాయంత్రానికి గానీ మెలకువ వచ్చేది కాదు.

నాలుగో రోజు పొద్దుటి పూట కింది వాటాలో ఉండే నర్సు వచ్చింది. అమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఆవిడ గౌను అంచు మడుస్తోంది. రాతపిల్ల వంటింట్లోంచి వచ్చేసరికి నర్సు తలెత్తి పలకరింపుగా నవ్వింది.

అమ్మ సూదులు అరచేతిలోకి ఉమ్మి, "ఇది మా రెండోది," అంది. "మొన్ననే వచ్చింది."



"తెలుస్తూనే ఉంది," అంది నర్సు. "అచ్చు అక్క ముఖమే. నిన్న మధ్యాహ్నం నేనొస్తే మీ పెద్దమ్మాయే తలుపు తీసింది, చీకట్లో నిలబడి. నా కొలతలు తనే తీసుకుంది. మంచి పిల్ల. ఒక్క మాటా మాట్లాడదు గానీ ఏమడిగినా ఊఁ అంటుంది."

నర్సు వెళ్ళిపోయింది. మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు తగ్గేదాకా రాతపిల్ల కదల్లేకపోయింది.

"అమ్మా." మిషను దగ్గరికొచ్చి నిలబడింది. "అమ్మా, నీకు నేనొక్కదాన్నే కూతుర్ని. ఆ మాట అను. ఒక్కసారి అను."

అమ్మ మిషను మీదికి వంగబోయి ఆగింది. కోపం రాలేదు. జాలిగా చూసింది.

"మళ్ళీ ఏం గొడవ పడ్డారే? అక్కాచెల్లెళ్ళన్నాక ఎన్నో ఉంటాయి. దానికోసం అది లేనే లేదని నా నోటితో అనిపిస్తావా? కన్నతల్లిని, అలా ఎలా అంటాను?"

"అది లేదమ్మా! నేనే… నేనే అబద్ధం…"

"మెల్లగా మాట్లాడు," అంది అమ్మ. "పడుకుంది."

మిషను మళ్ళీ తిరగడం మొదలైంది. రాతపిల్ల వెనక గది వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి బల్ల మీద చేతికందింది తీసుకుంది. అమ్మ కొలతల పుస్తకం. ముందు పేజీల్లో అమ్మ రాత. ఆ తరువాత నాలుగు రోజుల కిందటి తేదీ, పిలుపు జరిగిన రోజుది. కింద పెద్ద పెద్ద వంకర అక్షరాలు, పలక మీద దిద్దుకునే పిల్ల రాసినట్టు. మర్నాటి పేజీలో అక్షరాలు కాస్త కుదురుకున్నాయి. ఆ మర్నాడు ఇంకా. నిన్నటి పేజీలో నర్సు కొలతలు గుండ్రటి పెద్దవాళ్ళ రాతలో, తప్పు లేకుండా ఉన్నాయి.

దాని కింద ఇంకో రెండు వరసలున్నాయి. ఒకదాని మీద 'చెల్లి' అని. మెడ, భుజం, చెయ్యి, నడుము, ఎత్తు. అన్నీ ఆమెవే. ఆమె కొలతలు ఎవరూ తీసుకోలేదు… మెలకువగా ఉండగా.

రెండో వరస మీద 'నేను' అని. మెడ, భుజం, చెయ్యి, నడుము. అవే అంకెలు. ఎత్తు దగ్గర మాత్రం రాసి కొట్టేసి, రాసి కొట్టేసి ఉంది. మూడడుగుల ఎనిమిది. నాలుగడుగుల రెండు. నాలుగడుగుల తొమ్మిది. ఐదడుగులు.

కొట్టెయ్యని చివరి అంకె ఆమె ఎత్తు కన్నా ఒక్క వేలు ఎక్కువ.